సున్నా కూడా రాయాలి

తెల్లవారి ఐదుంబావు. కళింగపట్నం రేవు.
లైట్‌హౌస్ ఆఖరి తిప్పు తిప్పి ఊరుకుంది.
తాడు మూడుసార్లు లాగితే గానీ
సూరాడ కొర్లయ్య తెప్పకి మెలకువ రాదు.

నా ఒళ్లో అట్టకి క్లిప్పు పెట్టిన కాగితం.
గాలి, అల, నీటి రంగు, మబ్బు ఎంత,
చూసినవి ఎన్ని, పిల్లలెన్ని, ఎటు పోతున్నాయి.
ఏమీ కనబడకపోతే సున్నా.
గడి ఖాళీగా వదలకూడదు.
ఈ పనిలో నాకు మొదట నేర్పింది అదే.
ఖాళీ అంటే మనం చూడలేదని.
సున్నా అంటే చూశామని, రాలేదని.

ఇది కొర్లయ్యకి చెప్పిన రోజు
బీడీ ఆర్పి చాలాసేపు నీళ్లకేసి చూశాడు.
"మా ఇంటిదీ అంతేనమ్మా.
నానింటికి రాని పూట కూడా
ఎసట్లో నా గింజలు ఎయ్యకుండా ఉండీది కాదు."

వంశధార కలిసే చోట
నీళ్లకి ఒక కుట్టు ఉంటుంది.
ఇటు మడ్డి చాయ, అటు పచ్చన,
మధ్యన నురుగు, కొబ్బరిమట్ట, ఎవరిదో ఒంటి చెప్పు.
ఆ కుట్టు వెంటే వస్తాయి గాదుపందులు.
పుస్తకంలో వాటి పేరు మూపురపు డాల్ఫిన్లు.
కొర్లయ్య నాలుక మీద ఆ పేరు నిలవదు.

ముందు చప్పుడు.
నిద్రలో ఎవరో ముక్కు చీదినట్టు, ఒక్కసారి.
తర్వాత వీపు.
ఆ వెనక, అర లిప్త, రెక్క.
ఆ అర లిప్తలోనే కెమెరా నొక్కాలి.
రెక్క అంచే వాటి వేలిముద్ర.
ఒకదానికి రంపపు పళ్లు, ఒకదానికి కొస వంగింది,
ఒకదానికి నడిమధ్య ఇంత గంటు,
కొరికి పెట్టేసిన అప్పడంలా.

దాని నంబరు పదిహేడు.
మూడేళ్లలో ఇరవై రెండుసార్లు చూశాం.
ఫైలులో దాని ఫొటో పక్కన ఒక గడి: గంటుకి కారణం.
నేనే రాశాను: తెలియదు.

మొన్న మాఘమాసంలో
ఇంజను ఆపి, తెప్ప దానంతటది ఊగుతుంటే
పదిహేడు మా పక్కనే తేలింది.
దాని డొక్కకి అంటుకుని సీసం రంగు పిల్ల.
ఊపిరి తీయడం ఇంకా సరిగ్గా రాక
మొహమంతా నీళ్ల బయట పెట్టేస్తోంది.
పిల్ల: ఒకటి. సమయం: ఏడూ నలభై.
రాసుకుంటుంటే వెనక కొర్లయ్య గొంతు,
ఇంజనుకి చెబుతున్నట్టు.

"ఆ గంటు నా వలదే.
నాలుగేళ్లయింది. సీకటి. బరువుగా ఉంటే
సందువా పడిందనుకున్నాను. లాగితే ఇది.
సంటిగుంటలాగ ఏడిసింది.
కత్తి సేతిలోనే ఉంది.
వల అప్పింకా పదకొండు నెలలుంది.
ఏటి సెయ్యాలో తెలీక కూకుండిపోనాను.
ఆలోసించినంతసేపూ తాడు రెక్కలోకి దిగిపోనాది.
అప్పుడు కోసీసినాను."

పిల్ల మళ్లీ తేలింది, మళ్లీ మునిగింది.
"రాయనా?" అన్నాను.
"వల అని రాయమ్మా."
కాసేపాగి,
"ఎవుల్దో రాసీ గడి ఉందేటి?"
"లేదు."
"ఉంటే బాగున్ను."

ఆ రాత్రి తెలియదు అన్న మాట కొట్టేసి వల అని రాశాను.

తర్వాత పదకొండు రోజులు పదిహేడు రాలేదు.
గాలి ఇంత, అల ఇంత, సున్నా.
గాలి ఇంత, అల ఇంత, సున్నా.
పన్నెండో రోజు జ్వరంతో నేనే పోలేదు.

పొద్దుగూకాక కొర్లయ్య వచ్చాడు.
మోకాళ్ల దాకా ఉప్పు చారలు.
గుమ్మం దాటకుండానే
మడత పెట్టిన బీడీకట్ట కాగితం చేతికిచ్చాడు.
విప్పితే, దానిమీద బొగ్గుతో గీసిన గుండ్రం.
ఒక పక్క కొంచెం నొక్కుకుపోయింది.

"రాత రాదు గానీ మజ్జేన్నం దాకా సూసినానమ్మా.
కాళీగా ఒగ్గీకూడదన్నావు కదేటి."

ఆ కాగితం ఫైలులో పెట్టి కుట్టాను.
తేదీ వేశాను. గాలి ఎంతో ఆయన్నే అడిగి రాశాను.
పరిశీలించినవారి పేరుకి మాత్రం గడి ఉంది.
సూరాడ కొర్లయ్య.